ఆ ఆలోచన నిజమేనా? ఒకసారి కాగితం మీద పెట్టి చూడండి

ఈ నెల వచ్చిన ఉత్తరాలు ముందేసుకుని కూర్చుంటే చాలావాటిలో ఒకే మాట, "ఆలోచనలు ఆగట్లేదు మేడం" అని. వయసులు వేరు, పనులు వేరు, బాధ మాత్రం అదే. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఈసారి ఇవే తీసుకున్నా, పేర్లు ఎవరివీ వేయట్లేదు.

ప్రశ్న: నాకు 31 ఏళ్లు మేడం. మొన్న రాత్రి తొమ్మిదిన్నరకి మా మేనేజర్ "రేపు పొద్దున ఒకసారి మాట్లాడాలి" అని మెసేజ్ పెట్టారు. అంతే, ఇక ఆ రాత్రి నిద్ర లేదు. పోయిన నెల రిపోర్ట్‌లో నేను చేసిన తప్పు గుర్తొచ్చింది, ఉద్యోగం పోయినట్టే అనుకున్నా, ఈఎంఐలు ఎలా కట్టాలో లెక్కలేసుకున్నా, మా ఆయనకి ఎలా చెప్పాలో కూడా మనసులో రిహార్సల్ చేసేసుకున్నా. తీరా పొద్దున వెళ్తే, కొత్తగా చేరిన అమ్మాయికి ఓ వారం పని నేర్పిస్తావా అని అడిగారు. ఇది మొదటిసారి కాదు. చివరికి ఏమీ ఉండదని తెలిసి కూడా ప్రతిసారీ ఇలాగే అవుతోంది. ఎలా బయటపడాలి?

జవాబు: అమ్మా, ఆ మెసేజ్‌లో ఉన్నవి నాలుగే మాటలు. రేపు, పొద్దున, ఒకసారి, మాట్లాడాలి. "ఉద్యోగం పోయింది" అన్నది అందులో ఎక్కడా లేదు, దాన్ని నీ మనసు కలిపింది, కాకపోతే ఎంత వేగంగా కలిపిందంటే అది కూడా మెసేజ్‌లోనే వచ్చినట్టు అనిపించింది నీకు. నీ సమస్య మొత్తం ఆ ఒక్క క్షణంలో ఉంది, మిగతా రాత్రంతా దాని వెనకాల నడిచిందే.

ఆరన్ బెక్ అని అమెరికాలో ఒక సైకియాట్రిస్ట్ ఉండేవారు, 1921లో పుట్టి 2021లో చనిపోయారు, నూరేళ్లు బతికిన మనిషి. ఆయన దగ్గరికి వచ్చే ఒక పేషంట్ తన విషయాలు చెప్తూ చెప్తూ కంగారు పడిపోయేదట. చెప్పే విషయం ఇబ్బందికరమైంది కాబట్టి అలా అవుతోందేమో అనుకున్నారు ఆయన. తీరా అడిగితే తేలిందేంటంటే, ఆమె పైకి మాట్లాడుతున్నంతసేపూ లోపల ఇంకో మాట నడుస్తోంది, "నా మాటలు ఈయనకి బోర్ కొడుతున్నాయి" అని. కంగారంతా ఆ లోపలి మాట వల్ల! మనం పిలవకుండానే, మనకి తెలియకుండానే వచ్చిపోయే ఇలాంటి వాటికి ఆయన ఆటోమేటిక్ ఆలోచనలు అని పేరు పెట్టారు. 1960ల్లో ఆయన మొదలుపెట్టిన ఆ పద్ధతే పెరిగి పెరిగి ఇవాళ సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచించే తీరునీ చేసే పనుల్నీ మార్చుకునే పద్ధతి) అని అందరూ చెప్పే చికిత్స అయింది.

మరి ఆ వచ్చే మాట చెడ్డదే ఎందుకు అవ్వాలి అంటావా, చీకట్లో తాడుని చూసి పామనుకుని ఎగిరి దూకినవాడికి పోయేదేం లేదు, పాముని చూసి తాడనుకున్నవాడికి ప్రాణం పోతుంది. కాబట్టి మన బుర్ర అనుమానం వచ్చినప్పుడల్లా పామనే చెప్తుంది. అది నీలో లోపం కాదమ్మా, నిన్ను కాపాడే పనే చేస్తోంది, మేనేజర్ మెసేజ్‌కీ పాముకీ తేడా తెలియకపోవడమే చిక్కు.

ఇప్పుడు చేయాల్సింది చెప్తా. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో. ఫోన్‌లో కన్నా కాగితం మీద పెన్నుతో రాయడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే చెయ్యి నెమ్మదిగా కదులుతుంది, దాంతోపాటు మనసు కూడా నెమ్మదిస్తుంది. ఒళ్లు బిగుసుకున్నప్పుడు, గుండె దడదడలాడినప్పుడు, అదే గుర్తు అనుకుని నోట్‌బుక్ తెరువు. నీ ఆ రాత్రినే తీసుకుందాం. మొదటి లైన్‌లో జరిగింది రాయాలి, కెమెరా పెడితే ఏం కనిపిస్తుందో అంతే, "తొమ్మిదిన్నరకి మెసేజ్ వచ్చింది, రేపు మాట్లాడాలి అని". దాని కింద నా మనసు ఏమంటోంది, "రిపోర్ట్‌లో తప్పు బయటపడింది, నన్ను తీసేస్తారు". ఆ మాటని ఇప్పుడు ఎంత నమ్ముతున్నా, 100కి 95. తర్వాత రెండు ప్రశ్నలు. నాకు తెలిసింది ఎంత, ఊహించింది ఎంత? ఇంతకుముందు ఇలా మెసేజ్ వచ్చినప్పుడల్లా ఏం జరిగింది? ఈ రెండో ప్రశ్నకి జవాబు నీ దగ్గర చాలానే ఉంది కదా, నువ్వే రాశావు ఇది మొదటిసారి కాదని.

చివరి లైన్ మాత్రం జాగ్రత్తగా రాయాలి. "అంతా మంచే జరుగుతుంది" అని రాయొద్దు, నీకే నమ్మకం కుదరదు. "ఎందుకు పిలిచారో నాకు తెలియదు, తప్పు గురించి కూడా అయ్యుండొచ్చు, వేరేదీ అయ్యుండొచ్చు, తప్పు గురించే అయితే దాన్ని ఎలా సరిచేశానో చెప్తా" అని రాయి. ఇది తియ్యటి మాట కాదు, కానీ నిజం. ఇది రాశాక మళ్లీ నంబర్ వెయ్యి, 95 కాస్తా 50కి దిగినా ఆ రాత్రికి అది చాలు, సున్నాకి రావాలని పట్టుబట్టకు. అలాగే "సరే మేడం, ఏ విషయం? నేనేమైనా రెడీ చేసుకోవాలా?" అని తిరిగి ఒక మెసేజ్ పెడితే తప్పేం లేదు. రాత్రంతా ఊహించిన మనిషికి అడగాలని తట్టదు చూడు, భయం చేసే పని అదే, ఊహకి తలుపు తీసి అడగడానికి తలుపు మూస్తుంది.

తెలిసి కూడా మళ్లీ ఎందుకు అన్నావు. నీకు తెలిసేది తెల్లారాక. రాత్రి తొమ్మిదిన్నరకి గుర్తు రావాలంటే అది ఎక్కడో రాసి ఉండాలి. అందుకే ప్రతి భయం పక్కనా అసలు జరిగింది ఏంటో మర్నాడు తప్పకుండా రాయి. ఇలా ఓ పది పేజీలు అయ్యాక, పదకొండోసారి మెసేజ్ వచ్చిన రాత్రి కొత్తగా ఏమీ ఆలోచించక్కర్లేదు, ఆ పాత పేజీలు తిరగేస్తే చాలు.

ప్రశ్న: నా వయసు 23 మేడం. మూడు ఇంటర్వ్యూలు పోయాయి. ఎవరిని అడిగినా పాజిటివ్‌గా ఆలోచించు అనే చెప్తున్నారు. వీడియోలు చూసి రోజూ అద్దం ముందు నిలబడి "నేను గొప్పవాణ్ణి, నేను సాధిస్తాను" అని చెప్పుకుంటున్నా. చెప్పుకున్న ప్రతిసారీ లోపల నుంచి "అబద్ధం" అని వినిపిస్తోంది. ఇదివరకటికంటే ఇంకా దిగులుగా ఉంటోంది. పాజిటివ్‌గా ఆలోచించడం కూడా నాకు చేతకాదా?

జవాబు: బాబూ, నీకు చేతకాకపోవడం కాదు, నీకు ఇచ్చిన మందే నీ జబ్బుకి సరిపడేది కాదు. కెనడాలో జోఆన్ వుడ్ అనే సైకాలజిస్టు, ఆమెతో పనిచేసేవాళ్లు 2009లో ఒక పరిశోధన వేశారు. "నేను ప్రేమించదగ్గ మనిషిని" అని కొందరితో పదేపదే అనిపించారు. తమ మీద తమకి ముందే నమ్మకం ఉన్నవాళ్లకి కాస్త బాగానే అనిపించింది, నమ్మకం తక్కువ ఉన్నవాళ్లకి మాత్రం ఆ మాట అనని వాళ్లకంటే ఇంకా బాధగా అనిపించింది. అంటే ఎవరికి అవసరమో వాళ్లకే అది బెడిసికొట్టింది. లోపల "అబద్ధం" అని వినిపించడం నీ ఒక్కడికే కాదు అన్నమాట. ఇది తెలియక ఎంతమంది పిల్లలు అద్దం ముందు నిలబడి తమని తామే తిట్టుకుంటున్నారో అని నాకు నిజంగా బాధేస్తుంది.

అలాగని ఆ ఆలోచన రాకుండా బలవంతాన అణిచిపెట్టు అని కూడా చెప్పను. 1987లో డేనియల్ వెగ్నర్ అనే ఆయన స్టూడెంట్లని కూర్చోబెట్టి ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దు, ఒకవేళ గుర్తొస్తే బెల్ కొట్టు అన్నాడు. బెల్ మోగుతూనే ఉంది. తర్వాత ఇప్పుడు కావాలంటే ఆలోచించుకో అంటే, ముందునుంచీ ఆలోచించమన్న వాళ్లకంటే వీళ్లే ఎక్కువసార్లు దాన్ని తలుచుకున్నారు. అణిచిన కొద్దీ పైకి తంతుంది మనసు.

నువ్వు చేయాల్సింది మాటల దగ్గర. "నేను ఫెయిల్యూర్" అనడం వేరు, "ఫెయిలయ్యాను" అనడం వేరు. మొదటిది నీకు పెట్టుకున్న పేరు, మార్చుకోవడానికి ఏమీ ఉండదు. రెండోది జరిగిన ఒక పని, ఆ రోజుతో అయిపోయింది. అలాగే "ఎప్పుడూ", "అన్నీ", "ఎవరూ", "ఏదీ" అనే మాటలు నీ నోట్లోంచి వస్తే అక్కడ ఆగు, అవి దాదాపు ఎప్పుడూ లెక్కకి నిలబడవు. "నాకెప్పుడూ ఉద్యోగం రాదు" అనే బదులు లెక్క చెప్పు, మూడింటికి వెళ్లా, మూడూ పోయాయి, ఎందులో ఏ రౌండ్ దాకా వచ్చా, ఏ ప్రశ్న దగ్గర నోరు పెగల్లేదు. ఆ ప్రశ్నలు కాగితం మీద పెట్టు. "నేను పనికిరాను" అన్నదానికి రేపు పొద్దున లేచి చేయగలిగే పని ఏదీ లేదు. "మీ గురించి చెప్పండి అన్నప్పుడు రెండుసార్లు తడబడ్డా" అన్నదానికి ఉంది, ఓ స్నేహితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని పదిసార్లు చెప్పి చూడు.

ఇంకో చిన్న సంగతి, అద్దం ముందు నిలబడే అలవాటు ఉంది కాబట్టి చెప్తున్నా. నీతో నువ్వు మాట్లాడుకునేటప్పుడు "నేను" అనకుండా నీ పేరు పెట్టి పిలుచుకో, పక్కవాడికి చెప్పినట్టు, "ఒరేయ్ ఫలానా, మూడోదాంట్లో చివరిదాకా వచ్చావు కదరా, ఈసారి ఆ ఒక్క ప్రశ్న చూసుకుందాం" అని. అమెరికాలో ఈథన్ క్రాస్ అనే సైకాలజిస్టు, ఆయనతో ఉన్నవాళ్లు 2014లో దీన్ని పరీక్షించి చూశారు, కంగారు పుట్టించే పనికి ముందు ఇలా పేరుతో మాట్లాడుకున్నవాళ్లు కాస్త స్థిమితంగా ఉన్నారు. ఎందుకో ఆలోచిస్తే మనకీ తెలుస్తుంది, స్నేహితుడికి చెప్పేటప్పుడు మనకి ఎక్కడలేని న్యాయం గుర్తొస్తుంది కదా.

ప్రశ్న: అక్కా, నాకు 38. చిన్నప్పటి నుంచి ఏది చేతిలోంచి జారినా, ఏది మర్చిపోయినా "నా బుర్రే ఇంత, నేను దేనికీ పనికిరాను" అని పైకే అనేసుకుంటా, అలవాటైపోయింది. పోయిన వారం మా తొమ్మిదేళ్ల పాప బొమ్మ గీస్తూ రంగు గీత దాటితే కాగితం నలిపి పారేసి "నేను దేనికీ పనికిరాను" అంది. అచ్చం నా గొంతే. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. తప్పు నాదే అని రోజూ ఏడుస్తున్నా.

జవాబు: చెల్లీ, ఉత్తరం చదువుతూ "అచ్చం నా గొంతే" దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ముందు ఒక మాట, "తప్పు నాదే" అని రోజూ ఏడవడం కూడా ఆ పాత అలవాటే, కొత్త బట్టలు వేసుకుని వచ్చింది అంతే. పాపకి ఏడ్చే అమ్మకన్నా సరిచేసుకునే అమ్మ కనిపిస్తే మేలు.

ఒక పని చెయ్యి, ఒంటరిగా ఉన్నప్పుడు. ఆ వాక్యం కళ్లు మూసుకుని ఒకసారి అనుకో, ఎవరి గొంతులో వినిపిస్తోందో విను. చాలామందికి అది తమ గొంతు కానే కాదు, చిన్నప్పుడు విసుగులో ఎవరో పెద్దవాళ్లు అన్నది, అన్నవాళ్లు ఆ సాయంత్రానికే మర్చిపోయి ఉంటారు, విన్న పిల్ల ముప్పై ఏళ్లు మోసింది. వాళ్ల మీద కోపం పెంచుకోమని చెప్పట్లేదు, అది పుట్టుకతో వచ్చిన నీ గుణం కాదు, నేర్చుకున్న మాట అని నీకు తెలియాలి, నేర్చుకున్నదాన్ని మార్చుకోవచ్చు కాబట్టి.

పాప ముందు రేపటి నుంచి ఏం చేయాలంటే, నోరు మూసుకుని ఉండాలని ప్రయత్నించకు, అలవాటు కదా, జారుతుంది. జారినప్పుడు వెంటనే రెండో సగం కూడా పైకే అను. తాళం చెవి కనపడలేదు, "నా బుర్రే ఇంత" అనేశావు, అనేశాక ఆగి, పాప వినేట్టు, "కాదులే, బుర్రకేం కాలేదు, వచ్చిన కంగారులో ఎక్కడ పెట్టానో చూసుకోలేదు, ఇక నుంచి ఈ మేకుకే తగిలిస్తా" అని చెప్పి, అక్కడే తగిలించు. పాప నీ మొదటి సగం ఎలా నేర్చుకుందో రెండో సగం కూడా అలాగే నేర్చుకుంటుంది, ఎవరూ కూర్చోబెట్టి పాఠం చెప్పక్కర్లేదు. ఆ బొమ్మ కాగితం పారేయకపోతే తీసి సాపు చేసి, "ఈ గీత దాటిన చోట ఏం చేయొచ్చు?" అని తననే అడుగు. "నువ్వు చాలా గొప్ప ఆర్టిస్టువి" అని మాత్రం పొగడకు, గీత దాటిందని తన కళ్లకి కనిపిస్తూనే ఉంది, నువ్వు కనిపించనట్టు మాట్లాడితే నీ మాట మీద నమ్మకం పోతుంది.

మా చిన్నప్పుడు ఇలా రెండో సగం పైకి చెప్పే పెద్దవాళ్లు మాకు లేరు. అది తలుచుకున్నప్పుడల్లా నువ్వు రాసిన ఈ ఉత్తరం ఎంత విలువైందో అనిపిస్తోంది, ఎందుకంటే నువ్వు విన్నావు, చాలామంది ఇళ్లలో అది వినపడకుండానే పిల్లలు పెద్దవాళ్లైపోతారు.

ప్రశ్న: 21 రోజులు వరుసగా చేస్తే ఏ అలవాటైనా మారిపోతుందంటారు. నేను 21 రోజులు నోట్‌బుక్ రాశాను, నెగటివ్ ఆలోచనలు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: ఎక్కడా చేయలేదు, ఆ 21 అనే నంబర్ దగ్గరే తప్పుంది. అది 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ రాసిన పుస్తకం నుంచి పాకింది, ఆపరేషన్ అయినవాళ్లకి కొత్త ముఖం అలవాటవ్వడానికి కనీసం ఓ 21 రోజులు పడుతోంది అని ఆయన గమనించి రాస్తే, జనం నోళ్లలో పడి "కనీసం" అన్నది కాస్తా ఎగిరిపోయింది. తర్వాత లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని తీసుకుని, ఒక కొత్త పని ఎన్నాళ్లకి ఆలోచించకుండా చేసే అలవాటు అవుతుందో చూస్తే మధ్యస్థంగా 66 రోజులు తేలింది, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పోయింది. అవి కూడా రోజువారీ చిన్న చిన్న పనులు, ఆలోచనల అలవాటు కాదు. మధ్యలో ఒక రోజు మానేసినా పెద్దగా నష్టం జరగలేదని కూడా అందులో తేలింది, ఇది గుర్తుపెట్టుకో.

ఇంకోటి, ఆలోచన రావడం ఆగిందా లేదా అని చూడకు. వచ్చాక నీ దగ్గర ఎంతసేపు ఉంటోందో చూడు. ఇదివరకు మూడు రోజులు తినేసేది ఇప్పుడు ఒక పూటలో పోతోందా? అయితే నోట్‌బుక్ పనిచేస్తోంది, ఆపకు.

ప్రశ్న: నాకు 58 ఏళ్లమ్మా. నా భార్య పోయి ఏడు నెలలైంది. మొదట్లో దుఃఖం ఉండేది, ఇప్పుడు అదీ లేదు, ఏమీ లేదు. రెండు నెలలుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. పేపర్ చదవబుద్ధి కాదు, మనవడు వచ్చినా పలకరించబుద్ధి కాదు. నేను ఉండి ఎవరికి ఉపయోగం అని అనిపిస్తోంది. ఆలోచనలు మార్చుకుంటే అన్నీ సర్దుకుంటాయని మా అబ్బాయి అంటున్నాడు. మీరు చెప్పే ఆ రాసుకునే పద్ధతి నాకు పనికొస్తుందా?

జవాబు: అన్నగారూ, మీకు నోట్‌బుక్ ఇప్పుడే చెప్పను. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. దిగులు గానీ, దేని మీదా ఆసక్తి లేకపోవడం గానీ రెండు వారాలు దాటి దాదాపు రోజంతా, రోజూ ఉంటూ, దానికి నిద్ర పాడవడం, నేను ఎందుకు అనే ఆలోచన తోడైతే, డాక్టర్లు దాన్ని డిప్రెషన్ ఏమో అని చూస్తారు. మీకు రెండు నెలలైంది. ఇది మనసు గట్టి చేసుకుంటే పోయేది కాదు, మీ బలహీనతా కాదు, చికిత్స ఉన్న జబ్బు. థైరాయిడ్ లాంటివి తేడా చేసినా ఇలా ఉండొచ్చు కాబట్టి ఆ పరీక్షలు కూడా డాక్టరే చూసి చెప్తారు. మందులా, కౌన్సెలింగా, రెండూనా అన్నది మిమ్మల్ని ఎదురుగా చూసినవాళ్లు తేల్చాల్సిన విషయం.

మీ అబ్బాయి ప్రేమతోనే అన్నాడు, తెలియక అన్నాడు. ఈ పేజీ అతనికి చూపించండి. బాబూ, నాన్నగారికి సలహా వద్దు, అపాయింట్‌మెంట్ తీసుకుని నువ్వే వెంటబెట్టుకుని వెళ్లు, ఆయన వద్దన్నా సరే, బయట వెయిటింగ్ హాల్లో పక్కన కూర్చో, అది చాలు.

అన్నగారూ, ఒక్క మాట సూటిగా అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. "నేను ఉండి ఎవరికి ఉపయోగం" అన్న ఆలోచన, చనిపోవాలి అనేదాకా వెళ్తోందా? వెళ్తుంటే డాక్టర్ అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఇవాళే మీ అబ్బాయికి అదే మాటల్లో చెప్పండి, రాత్రి ఒంటరిగా ఉండకండి, దగ్గర్లో ఉన్న హాస్పిటల్ ఎమర్జెన్సీకి వెళ్లండి లేదా ఇలాంటి వాటి కోసమే ఉన్న హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. అడిగితే లేని ఆలోచన కొత్తగా పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది, అందుకే అడిగాను.

అంతదాకా లేకపోతే, డాక్టర్‌ని కలిసేలోపు ఒకే ఒక్క పని. చేయాలనిపించినప్పుడు చేద్దాం అని ఎదురు చూడకండి, ఈ జబ్బులో అనిపించడం అనేదే ముందు పోతుంది. అనిపించకపోయినా పొద్దున ఏడింటికి చెప్పులేసుకుని గేటు దాటి పది నిమిషాలు నడిచి రండి, మనవణ్ణి తోడు తీసుకెళ్లండి, మాట్లాడక్కర్లేదు. ఇష్టం ముందు, పని తర్వాత అనుకుంటాం, దీంట్లో మాత్రం పని ముందు జరిగితే ఇష్టం ఆలస్యంగా వెనక వస్తుంది.

ఆవిడ గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, పోయి ఏడు నెలలైందని. డాక్టర్‌ని కలిసి వచ్చాక ఆవిడ గురించి నాకు ఇంకొంచెం రాయండి, ఎంత పెద్ద ఉత్తరమైనా సరే.